కిమియె చదివిన జెండా

హమదా రేవులో చేపల వేలం జరిగే చోటికి రెండు వీధుల అవతల నాగావొ కిమియె పాత బట్టల కొట్టు ఉండేది. పాత కిమోనోలు, దోమతెరలు, పడవలవాళ్లు పండగలకు తొడుక్కునే రంగుల కోట్లు అమ్మేది. కానీ హిరోషిమా నుంచి, ఒసాకా నుంచి నాలాంటి పాత సామాన్ల వ్యాపారులు ఆ గడప తొక్కింది వాటి కోసం కాదు, జెండాల కోసం. యుద్ధానికి వెళ్లే కుర్రాడికి ఊరంతా సంతకాలు చేసి ఇచ్చిన ఎర్ర సూర్యుడి జెండాలవి. ఎక్కడో దీవుల్లో చనిపోయినవాళ్ల ఒంటి మీద నుంచి అమెరికా సైనికులు ఇళ్లకు పట్టుకుపోయారు. వాళ్లు ముసలివాళ్లై పోయాక ఆ జెండాలు సంతల్లో పడి మళ్లీ మా చేతికి రావడం మొదలైంది. అసలుదా, నకిలీదా, అసలుదైతే ఎంత పలుకుతుంది అన్నది తేల్చడానికి మా వైపు కిమియె మాటే మాట.

ఆ విద్య ఆమెకు పుట్టింట్లోనే అబ్బింది. తండ్రి అద్దకం పనివాడు. యుద్ధం ముదిరాక పెళ్లిబట్టలకు రంగు వేయించుకునేవాళ్లు లేకపోయారు, జెండాల పనితో మాత్రం తీరిక ఉండేది కాదు. కిమియె అప్పటికి బడికి వెళ్లే పిల్ల. బడి నుంచి రాగానే పట్టుగుడ్డ తడిపి చట్రానికి బిగించి ఇచ్చేది. తండ్రి దాని మీద మధ్యలో గుండ్రంగా కన్నం కోసిన అట్ట పరిచి ఎరుపు పూసేవాడు. యుద్ధం అయిపోయాక ఆయన ఎరుపు రంగు ముట్టుకోలేదట. ఈ సంగతి ఆమె నాకు ఒకేసారి చెప్పింది, అదీ అరకొరగా. ఆమెని పెళ్లి చేసుకున్న మనిషి చేపలవేటకు వెళ్లి సముద్రంలో పోయాడు. కూతురిని ఈ కొట్టు మీదే పెంచి పెద్దచేసి మత్సుయెకి కాపురానికి పంపింది. నేనెరిగిన కిమియె పొట్టిగా, చురుగ్గా, నోటి దురుసుతో ఉండే అరవై ఏళ్ల మనిషి.

1991లో, ఆకులు ఎర్రబడే రోజుల్లో, అమెరికా నుంచి వచ్చిన ఒక పెట్టెలో నాకు రెండు జెండాలు దొరికాయి. పట్టుకుని హమదా వెళ్లాను.

"పిన్నిగారూ, రెండు తెచ్చాను."

"ముందు ఆ బూట్లు తిన్నగా పెట్టు సవతారీ. మీ హిరోషిమాలో ఇలాగే విసిరేస్తారా?" అంది. సవతారి నా ఇంటిపేరు.

మొదటిది చేతిలోకి తీసుకుని, వాసన చూసి, పక్కన పడేసింది.

"టీ నీళ్లలో ముంచి పాతదిలా చేశాడు మహానుభావుడు. ఇంతమంది పేర్లున్నాయి, రాసిన చెయ్యి మాత్రం ఒకటే. బడిపంతులూ, పేరు రాయడానికి తంటాలు పడే రైతూ ఒకేలా కుంచె పడతారా? పొయ్యిలో పెట్టు."

రెండోది విప్పేటప్పుడు ఆమె చేతులు నెమ్మదించాయి. పలచని పట్టు. మడతల దగ్గర అరిగి పోగులు తేలాయి. మూలల్లో చిన్న తోలుముక్కలు కుట్టి ఉన్నాయి. ఒక పక్క గోధుమరంగు మరక.

"ఆ మరక రక్తమే కదా? రక్తమైతే కొనేవాళ్లు ఇంకాస్త..."

"తుప్పు. ఇనప టోపీ లోపల మడిచి పెట్టుకున్నాడు. రక్తమని చెప్పి అమ్మావంటే మళ్లీ నా మొహం చూడకు."

జెండాని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని ఎర్రటి గుండ్రం అంచు వెంట వేలు నడిపించింది. కింది అంచున ఒకచోట వేలు ఆగిపోయింది. బియ్యపుగింజంత ఎరుపు గుండ్రం దాటి బయటికొచ్చి ఉందక్కడ.

"ఇది మా నాన్న అట్ట. నేనే కింద పడేసి అంచు విరగ్గొట్టాను. కొత్తది కోయడానికి అట్ట దొరక్క దానితోనే కానిచ్చేవాడు" అంది.

తర్వాత కళ్లజోడు పెట్టుకుని పేర్లు చదవసాగింది. జెండా ఉషియొ తమెయొషి అనే అతనికి ఇచ్చినది. సంతకాల్లో సగం మంది ఇంటిపేరు ఉషియొనే. గుడి ముద్ర తానొహారాది, హమదాకి గంట దూరంలో కొండల్లో ఉన్న ఊరు. ఎడమవైపు కింద, మిగతా వాటికంటే పెద్ద అక్షరాలతో, కుర్రతనం నిండిన చేత్తో ఒక వాక్యం రాసి ఉంది: "ఇంటి సంగతి నాకు వదిలెయ్. షిగెమి."

"ధర చెప్పమంటావా? పట్టు బాగుంది, సిరా చెదరలేదు, ఊరు తెలిసింది. నీ దగ్గర జెండాలు కొనే ఆ ఒసాకా ఆసామి ఒక గుమాస్తా మూడు నెలల జీతం కళ్లు మూసుకుని ఇస్తాడు. నన్నడిగిన పని అయిపోయింది. ఇప్పుడు నేనడుగుతున్నాను. అమ్మే ముందు దీన్ని ఒకసారి తానొహారా తీసుకెళ్తావా?"

"వాళ్లు మాదే అంటే?"

"అంటే ఇచ్చేస్తావు. ఇవ్వలేనంటే ఇప్పుడే చెప్పు, అసలు వెళ్లొద్దు."

ఆ పెట్టెలో మిగతా సామాను మీదే నా డబ్బు నాకు తిరిగొచ్చేసింది. సరే అన్నాను.

ఆమె తానొహారా గుడి పూజారికి ఫోన్ చేసింది. ఆయన చెప్పిన సంగతి ఇది. తమెయొషి ఫిలిప్పీన్స్‌లో పోయాడు. అస్థికలు రాలేదు. సైన్యం పంపిన పెట్టెలో పేరు రాసిన చెక్కముక్క ఉందంతే. పెళ్లైన ఏడాదిలోపే అతను యుద్ధానికి వెళ్లాడు. యుద్ధం ముగిశాక అత్తగారు ఆ వితంతువుకి, ఫుసాయొకి, చిన్నకొడుకునిచ్చి చేసింది. ఆ చిన్నకొడుకే షిగెమి. అప్పట్లో మా వైపు చాలా ఇళ్లలో అలాగే జరిగింది. పొలం చీలకూడదు, కోడలు గడప దాటకూడదు. వాళ్లిద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారని, మేం వస్తున్నట్టు ముందుగా చెప్పి ఉంచుతానని పూజారి అన్నాడు.

మేం వెళ్లేసరికి ఫుసాయొ వరండాలో కూర్చుని, ఎండబెట్టడానికి వగరు పెర్సిమన్ పళ్లకు తొక్క తీస్తోంది. చూరు కింద తాళ్లకు అప్పటికే వరసలుగా వేలాడుతున్నాయి. షిగెమి స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చాప మీద బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. కిమియె వంగి నమస్కరించి జెండా విప్పి ఆయన ముందు పరిచింది.

ఆయన తాకలేదు. కళ్లతోనే చదివాడు, పెదాలు కదులుతున్నాయి. "ఇది మా లెక్కల మేష్టారు. ఇది గానుగవాళ్ల తాత. ఈయన కూడా పోయాడు... ఈయనా..." ఎడమవైపు మూలకు వచ్చి ఆగిపోయాడు.

"తీసుకెళ్లిపోండి" అన్నాడు.

కిమియె కదల్లేదు.

"ఎంతొస్తుంది దీనికి? మీరు ధర కడతారట కదా."

ఆమె దాచకుండా నాతో చెప్పిన ధరే చెప్పింది.

"అమ్మేయండి. మాకు వద్దు." మా వైపు చూడకుండా అన్నాడు: "పదిహేడేళ్లవాడిని. అందరూ విజయం, వీరం అని రాస్తుంటే నేను గొప్పకి పోయి అది రాశాను. ఇంటి సంగతి నాకు వదిలెయ్ అని. వదిలేశాడు. ఇల్లు వదిలాడు, పొలం వదిలాడు, వదినని కూడా వదిలేశాడు. కావాలని అడిగి తీసుకున్నవాడిలా నేను కూర్చున్నాను ఇక్కడ. పెళ్లైన కొత్తలో ఈవిడని 'వదినా' అని పిలిచి నాలిక కరుచుకునేవాణ్ణి. ఇప్పుడా రాత నా ఇంట్లో పెట్టుకోమంటారా?"

వరండాలో కత్తి చప్పుడు ఆగింది. ఫుసాయొ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని జెండా మూలల్ని తడిమింది.

"ఈ తోలుముక్కలు నేను కుట్టినవి. నన్ను సంతకం చెయ్యమని ఎవరూ అనలేదు, కుట్టమన్నారు. మీ అన్నయ్య పాత బెల్టు కోసి కుట్టాను." భర్త వైపు తిరిగింది. "మీరు రాసింది చదివి ఆయన ఏమన్నారో తెలుసా?"

ఆయన తల ఎత్తి ఆవిడ వైపు చూశాడు.

"పగలబడి నవ్వారు. 'గాడిద, ఎద్దుని తిన్నగా తోలడం రాదు గానీ వీడు ఇల్లు చూసుకుంటాట్ట' అన్నారు. మళ్లీ చదివారు. 'వీడైతే చూసుకుంటాడులే' అని మడతపెట్టుకున్నారు."

షిగెమి ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"మీరెప్పుడైనా చెప్పనిచ్చారా? ఈ ఇంట్లో ఆయన పేరెత్తితే మీరు పార పుచ్చుకుని పొలానికి పోయేవారు. వానలో కూడా పోయేవారు."

ఆయన నవ్వబోయి ఏడ్చాడు. ఇద్దరు పరాయివాళ్ల ఎదుట, ఇస్త్రీ మడతలు నలిగిపోయేలా వంగిపోయి ఏడ్చాడు. ఫుసాయొ ఆయన వీపు మీద చెయ్యి వెయ్యలేదు, ఓదార్చలేదు. పక్కనే కూర్చుంది. చాలాసేపటికి ఆయన తనంతట తానే చెయ్యి చాపి జెండాని ఒళ్లోకి తీసుకున్నాడు.

లేచే ముందు కిమియె నుదురు చాపకు ఆనేలా వంగింది. "ఈ గుడ్డకు రంగు వేసింది మా నాన్న. తడిపి ఇచ్చింది నేను. ఇలాంటివి ఎన్నో ఇచ్చాం. క్షమించమని అడగడానికి వచ్చాను, ధర చెప్పడానికి కాదు."

ఫుసాయొ ఎర్రటి గుండ్రం మీద అరచెయ్యి పరిచి చూసింది.

"అప్పటికి చిన్నపిల్లవి కదమ్మా నువ్వు. నేనూ అంతే, కుట్టమంటే కుట్టాను" అంది.

తిరుగుదారిలో కిమియె కారు ఆపించి, రోడ్డు పక్కన నీళ్లకాలవ దగ్గర కూర్చుని చాలాసేపు ముఖం కడుక్కుంది. నేను కారులోనే ఉండిపోయాను. తిరిగొచ్చి, "ఒసాకా ఆసామికేం చెప్తావు?" అంది. "లేదని చెప్తాను" అన్నాను. తల ఊపింది.

షిగెమి ఆ తర్వాత మూడు చలికాలాలు బతికాడు. జెండా ఇంట్లో పోయిన పెద్దలకు దణ్ణం పెట్టే పీఠం సొరుగులో ఉండేదని, అన్నయ్య పేరు మీద ధూపం ఆయనే వెలిగించేవాడని ఫుసాయొ చెప్పింది. ఆయన పోయాక అస్థికలు సమాధిలో పెట్టే రోజున మమ్మల్ని పిలిచారు. జెండా చుట్టడానికి కిమియె మంచి కాగితం, ఇంటి దగ్గరే పేనిన తాడు తెచ్చింది. రాతిపలక జరిపి, పేరు రాసిన ఆ చెక్కముక్క పక్కన జెండా పెట్టారు. దాని పక్కన తమ్ముడి అస్థికల కుండ. అన్నదమ్ములిద్దరికీ ఒకే రాయి.

పలక మూశాక ఫుసాయొ దాని మీద నీళ్లు పోసి, నాకూ చోటుంచారా లేదా అని పూజారిని అడిగింది. ఉందమ్మా, బోలెడుంది అన్నాడాయన. అందరం కొండ దిగి భోజనానికి వెళ్లాం.

కిమియె కళ్లు మసకబారేదాకా ఆ పని మానలేదు. అసలువి, నకిలీవి చెప్పేది, ధరలూ చెప్పేది. ఊరి పేరు దొరికిన జెండా వస్తే మాత్రం తెచ్చినవాడి చేత ఆ ఊరికి ఒక్క ఫోన్ చేయించనిదే కొట్టు దాటనిచ్చేది కాదు. కొందరు విసుక్కుని ఆమె దగ్గరికి రావడం మానేశారు. ఎక్కువ ఇళ్లలో ఎవరూ మిగిలి లేరు. మిగిలిన చోట్ల కొందరు తీసుకున్నారు, కొందరు వద్దన్నారు. వద్దన్నవాళ్లను ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.