ఆడి నెల కాపలా

పక్కింటి అమ్మాయికి పదిహేడేళ్లు. చంకలోని బిడ్డకు ఇంకా పళ్లు రాలేదు, అప్పుడే మళ్లీ కడుపుతో ఉంది. ఇది తప్పు. ఎవరెన్ని సర్దిచెప్పినా తప్పే.

నటేశన్ నగర్‌లో మా గోడకు ఆనుకునే వాళ్ల ఇల్లు. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. కూతురు గోరిమేడులో ఉండే అబ్బాయిని ఇష్టపడితే, పరువు పోతుందని ఉన్నపళంగా తాళి కట్టించారు. నేను వద్దన్నాను. ముసలాయనకు ఇంకేం పని అన్నట్టు చూశారు.

ఆ ఏడాది ఆడి నెల, తమిళ లెక్కన ఆషాఢం, రాగానే తల్లి పోయి కూతురిని పుట్టింటికి తీసుకొచ్చింది. కొత్త జంట ఆడిలో కలిసి ఉంటే చిత్తిరై ఎండల్లో కాన్పు వస్తుందని ఇక్కడ అందరికీ భయం. అల్లుడు మల్లెపూల పొట్లంతో వస్తే ఆమె గడప దాటనివ్వలేదు.

"పూలిచ్చేసి పో నాయనా. ఆడి పోయి ఆవణి పుట్టినాక నీ పెండ్లాన్ని నువ్వే తోలుకపోదువు," అంది.

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. అంత కాపలా ఆ ఒక్క నెలకే.

చిత్తిరై దాటగానే వైకాశిలో ఆడపిల్ల పుట్టింది. వెంటనే ఇంకో కాన్పు వస్తే ఈ ఒంట్లో రక్తం చాలదు, కొన్నేళ్లు ఆగేటట్టు కాపర్ టీ వేస్తామని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. అమ్మాయి నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది: "పాలిచ్చేదానికి కడుపు యాడ నిలస్తాది? అదంతా ఒద్దులేమ్మా." మూడో నెలకే వచ్చి కోడల్ని తీసుకుపోయింది.

మొన్న ఆ పిల్ల పుట్టింటికి వచ్చింది. మెట్లెక్కి మా అరుగు మీద కూలబడి చాలాసేపు ఆయాసపడింది. కనురెప్ప కింద ఎరుపన్నది లేదు. మా అక్క కళ్లు ఇట్లాగే ఉండేవి. మూడో కాన్పు ఆమె దాటలేదు, అప్పటికి ఇరవై నిండలేదు. ఆ కాలంలో తెలియక జరిగిందని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు ఏమని సరిపెట్టుకోవాలి?

"నీకేం కావాలమ్మా?" అని అడిగాను.

"ఈ కాన్పు అయినాక ఒక సంవత్సరం ఈడనే ఉండాల తాతా. కడుపునిండా నిద్రపోవాల. అమ్మ అడిగితే కొట్లాట అవుతాది. నువ్వు అడుగు."

మర్నాడే గోరిమేడు పోయాను. అత్తగారు వాకిట్లో కూర్చుని ములగాకు దూస్తోంది. కాఫీ ఇచ్చింది. పిల్లను ఏడాదిపాటు పుట్టింట్లో ఉండనీయమన్నాను, ఈసారైనా నర్సమ్మ మాట విననీయమన్నాను.

"ఆడి నెలకు విడదీసి ఉంచలేదా? ఇదీ అట్లాగే అనుకోమ్మా."

"ఏంది పెద్దాయనా, పన్నెండు నెలలూ ఆడేనా?"

లోపల మంచం మీద పడుకున్న కొడుకు కిసుక్కుమన్నాడు. అప్పుడు మా అక్క సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆమె ఆకు దూయడం ఆపింది. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. నా చిన్న కూతురికంటే చిన్నది, మనవరాలిని ఎత్తింది.

"నాకు పదారుకు వీడు, పదేడుకు వీడి చెల్లెలు. లేసి నిలబడలేక గోడ పట్టుకోని సోరు వండినా. అప్పుడు నా కోసరం ఎవురు పెద్దాయనా వచ్చి అడిగినారు? కాన్పు కానీయండి. ఈసారీ మూడో నెలకు నేనే వచ్చి తోలుకొస్తా."