వద్దని పంపిన కెన్యా అక్క

మా చర్చి సంఘంలోని ఒకాయనను పెళ్లాడి కెన్యా నుంచి వచ్చి, మా యాస కూడా పట్టేసిన అక్క, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంగరాల జుట్టు కోసమే ఒక పార్లర్ తెరిచింది. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. దువ్వెన పట్టేముందు వేళ్లతో తలంతా తడిమి చూడటం ఆమె అలవాటు.

గిరాకీ లేక కిరాయి కట్టడమే కష్టమైన రోజుల్లో, చైతన్యపురి హాస్టల్ నుంచి ఒక అమ్మాయి స్ట్రెయిటెనింగ్ చేయించుకోవడానికి వచ్చింది. తల తడుముతూ అక్క ఆగిపోయింది. అంతకుముందు ఎక్కడో పూసిన క్రీముకు మాడంతా పుండ్లు పడి ఉంది.

"ఇది మానినంక రా చెల్లె. ఇప్పుడైతే చెయ్య."

"పైసలిస్త గదా. మీరు చెయ్యకుంటే పక్క షాపుకు పోత," అంటూ ఆ అమ్మాయి విసురుగా వెళ్లిపోయింది.

"గిట్ల ఎల్లగొడితే షాపు మూసుడే అక్కా," అన్నాను.

"పుండ్ల తలకు గా క్రీము పూసి, ఆదివారం ఆరాధనల గీ చేతులు ఎట్ల ఎత్తాలె?" అంది అక్క.

మన తల వెంట్రుకలన్నీ ఎరిగిన దేవుడు ఆ మాట విన్నాడని నా విశ్వాసం. కొన్నాళ్లకు ఆ అమ్మాయే తన చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చింది.

"అందరు చేస్తమన్నరు, మీరొక్కలే ఒద్దన్నరు. మా చెల్లె తల మీరే చూడుండ్రి అక్కా."

ఆ అక్కచెల్లెళ్లు హాస్టల్లో ఏం చెప్పారో గానీ, ఆ తర్వాత మాకు కుర్చీలు చాలలేదు.