గుడి జారిన కారు

ఆ రోజుల్లో మా జిల్లాయే కొత్త రంగు వేయించుకుంటూ ఉండేది. మద్రాసు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి మారిన కొత్త. ఆఫీసుల బోర్డులన్నీ దించి కన్నడంలో రాయిస్తున్నారు. అంత పెద్ద జిల్లాయే పాత రంగు గీకేసి కొత్తది పూసుకుంటుంటే, నా కారు పూసుకుంటే తప్పేమిటని నాకు తోచింది. (ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఏది తోచినా దానికి చరిత్ర సాక్ష్యం దొరుకుతుంది.)

ఆ కారును బదిలీ మీద పోతున్న ఒక ఓవర్సీయరు నాకు దాదాపు ఊరికే ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అనుమానం అప్పుడే రావలసింది. పుట్టినప్పుడు అది నల్లకారట. నా చేతికి వచ్చేనాటికి ఆ నలుపు కారు మీదకంటే నా చొక్కా మీదే ఎక్కువగా ఉండేది. ఆనుకుంటే ఒక పెచ్చు, తుమ్మితే రెండు పెచ్చులు. ఊడిన చోటల్లా తుప్పు దేశదేశాల పటాలు గీసింది. మా తారానగర్ బడి అయ్యవారు, గోడ మీది పటం చిరిగిపోయిందని, పిల్లల్ని వరుసగా నడిపించుకొచ్చి మా ఎడమ తలుపు మీద బెత్తం పెట్టి భూగోళం చెప్పేవారు. వెనక చక్రం పక్కన సింహళం కూడా విడిగా ఉండేది. (నమ్మకపోతే మానండి. ఆ ఏడు భూగోళంలో ఒక్కడూ తప్పలేదు.)

అది నడిచే రోజులు తక్కువ, నిలిచే రోజులు ఎక్కువ. అందుకని ఎద్దుల కొట్టంలో పెట్టాను. ఎద్దులు బయటికి వచ్చాయి, తొలకరి కూడా వచ్చింది. ఒక పొద్దున మా నాయన తడిసిన ఎద్దు వీపు తుడుస్తూ, నా వైపు చూడకుండా, ఎద్దుతోనే అన్నాడు: "అమాస లోపల ఆ కారన్నా కొట్టం ఇడిసి పోవల్ల, వీడన్నా ఇల్లు ఇడిసి పోవల్ల. రెంట్లో ఏది పోయినా నాకు సమ్మతమే." ఎద్దు తల ఊపింది.

చోరనూరులో ఒక పెద్ద రైతు కారు కోసం చూస్తున్నాడని తెలిసి, బస్సు కండక్టరు చేత కబురంపాను. బుధవారం సాయంత్రం ఆ కండక్టరు బస్సు మెట్టు మీద వేలాడుతూ, బస్సు ఆపించకుండానే జవాబు నా మీదికి విసిరిపోయాడు: "శుక్రారం పొద్దున ఆయప్పే వస్తాండాడప్పా. బండిని పచ్చగా ఉంచమన్యాడు." శనివారమే అమావాస్య. మళ్ళీ అడుగుదామంటే ఆ బస్సు తిరిగి వచ్చేది శుక్రవారమే, ఆయన్ను ఎక్కించుకునే.

బోర్డులు రాసే సాయిబును పట్టుకొచ్చాను. ఆయన కుంచె తడుపుతూ ఒక్క ప్రశ్న వేశాడు.

"పచ్చ అంటే హరా నా, పీలా నా?"

ఆకుపచ్చా, పసుపా అని. మా తెలుగులో ఇంత లోతు గొయ్యి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"పచ్చగడ్డి ఏ రంగుంటాది? అదే," అన్నాడు మా నాయన, ఎవరూ అడగకపోయినా.

"పచ్చకామెర్లు వచ్చినోడు ఏ రంగుంటాడు?" అంది మా అమ్మ వంటింట్లోంచి. "గడపకు పూసేదీ పచ్చే గదా. శుభమా అని బండి కొనేవాడు గడ్డి రంగు అడుగుతాడా?"

"ఆయప్ప రైతు. పైరు రంగే అడుగుతాడు."

"ఆయప్పకు పెండ్లాముండాది. ఆయమ్మ చెప్పిందే అడుగుతాడు."

తీర్పుకు అయ్యవారిని పిలిచాం. ఆయన కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, "వ్యాకరణం ప్రకారం రెండూ సాధువులే" అని, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

"సాధువులు నక్కో సాబ్, రంగు బోలో," అన్నాడు సాయిబు. "నా తావ పీలా అర డబ్బా, హరా అర డబ్బా ఉండాది. ఏదైనా సగం కారుకే వస్తాది."

సగం కారు. ఆ మాట చెవిన పడగానే నాకు మెరుపులాంటి ఉపాయం తట్టింది. (నా జీవితంలో మెరుపులన్నీ పిడుగులకు ముందువే.) ఎడమ పక్క పసుపు, కుడి పక్క ఆకుపచ్చ వేద్దాం. ఆయన బస్సు దిగగానే మాటల్లో పెట్టి ఏ పచ్చో కనుక్కొని, ఆ పక్కకే తీసుకుపోదాం. రెండో పక్క ఇంకా ఆరలేదని చెబుదాం. సాయిబు నన్ను జాలిగా చూశాడు గాని, ఆ రాత్రీ మర్నాడంతా కూర్చుని గీకి, పూసి, కారు మూతి నుంచి తోక దాకా పాపిట తీసినట్టు గీత గీసి మరీ రెండు రంగులూ కలిపాడు. సింహళం పసుపులో మునిగిపోయింది.

శుక్రవారం చోరనూరాయన దిగాడు. నోటి నిండా ఆకువక్క, వెనక కండక్టరు. పలకరింపు లేదు, పాడు లేదు; నేరుగా పోయి కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. వీధి వీధంతా చుట్టూ గుమిగూడింది.

"ఇది ఒక బండేనా, రెండు బండ్లు అతికిచ్చినారా?" అన్నాడు చివరికి.

"పచ్చగా ఉంచమన్యారంట గదప్పా," అన్నాను.

ఆయన తాంబూలం ఉమ్మేసి వచ్చి, ఒక్కో అక్షరం పలికాడు. "పచ్చిగా అంటిని. పచ్చి ఇటిక మాదిరి, ఉండేది ఉన్నట్ల. తుప్పు యాడుండాదో, సొట్ట యాడుండాదో చూసి కొందామని. కొమ్ములకు రంగు పూసిన ఎద్దును ఎవడన్నా నమ్మి కొంటాడా?"

అందరం కండక్టరు వైపు తిరిగాం. అయ్యవారు గుంపులోంచి గొంతు సవరించుకున్నారు. "చకారం మీద గుడి ఉండల్లప్పా. బస్సు కుదుపుల్లో యాడో జారిపోయింది."

మా నాయన నన్ను చూశాడు. ఆ తరువాత మబ్బును చూశాడు.

"ఇంజిను మాత్రం పచ్చిగానే ఉండాదప్పా, దానికేమీ పూయలేదు. ఒక్కసారి ఎక్కి చూడండి," అని బతిమాలి ఆయన్ను ఎక్కించాను. వీధి చివరిదాకా తోలి, తిప్పి, వెనక్కి తెచ్చాను. మా ఇంటి వరసలోనే అరుగు మీద పప్పు చెరుగుతున్న చూపు తగ్గిన అవ్వ ఒకామె చేట దించి, "ఏంది నాయనా, ఒకేసారి రెండు కార్లు తెచ్చుకుంటివా? పసుపుది అట్ల పోయె, ఆకురంగుది ఇట్ల వచ్చె," అంది.

చోరనూరాయన దిగబోయినవాడు దిగలేదు. చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"హౌదా, అవునా," అన్నాడు మెల్లగా. "మా దాయాది జీపు కొన్న్యాడు. ఒకటే. పొద్దస్తమానం అరుగు మీద కూచోని నేను పోయేదీ చూస్తాడు, వచ్చేదీ చూస్తాడు." ఇంకొంచెంసేపు మీసం. "రంగు ముట్టుకోవద్దప్పా. ఇట్లే తోలుకపోతా."

కారు పొగ ఇంకా విడిపోకముందే ఎద్దులు కొట్టంలో దూరాయి. మా నాయన వాటిని కట్టేసి, "చినుకులు పడతాండాయి, నువ్వు గుడా లోపలికి రా," అన్నాడు. నేను వెంటనే పోలేదు. మా గడప ముందు నుంచి కారు పసుపు పక్క చూపిస్తూ వెళ్ళిపోయింది. ఇదే దారిన తిరిగి వచ్చిందంటే నాకు కనబడేది ఆకుపచ్చ పక్క గదా అనుకుంటూ, కారు వదిలిపోయినందుకు సంబరపడవలసినవాణ్ణి, అది వస్తుందేమోనని వానలో నిలబడ్డాను. అది రాలేదు. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, మా వీధికి బోలెడన్ని కార్లు వచ్చాయి. ఏ మోటారు చప్పుడు వినబడినా, ఆ రోజు వానలో నిలబడిన వెర్రివాడు నాలోంచి తల బయటికి పెట్టి చూస్తాడు. నేను వాణ్ణి కసురుకోను. వాడితోబాటు నేనూ కొంచెం ముందుకు వంగుతాను.