మెలకువగా ఉండగానే వెళ్ళాలి

12 జులై 2020, ఆదివారం. ఉధ్నా.
హాజరు: నేను, నా భార్య, కొడుకు, కోడలు, మనవరాలు.
గైర్హాజరు: ఎవరూ లేరు.

ముప్పై ఏళ్లకు పైగా, ఈ గుజరాతీ మిల్లుల ఊళ్లో వలసొచ్చిన మనవాళ్ల తెలుగు బడిలో హాజరు పట్టీ రాసిన చేయి ఇది. రిటైరయ్యాక కూడా నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది: తేదీ, ఇంట్లో ఉన్నవాళ్లు, లేనివాళ్లు. ఐదు వారాలుగా ‘గైర్హాజరు’ ఎదుట ‘కొడుకు’ అని రాస్తూ వచ్చి, ఆ ఆదివారం ‘ఎవరూ లేరు’ అని రాయగలిగాను. రాశాక ఆ మాటను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే మర్నాడు ఉదయమే మళ్ళీ మార్చాల్సి వస్తుంది.

మా అబ్బాయి పల్సానాలో బట్టకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తాడు. లాక్‌డౌన్ తర్వాత మిల్లు తెరిచినప్పుడు సేటు ఒక షరతు పెట్టాడు. పనికి వచ్చేవాళ్లు మిల్లు లోపలే ఉండాలి, అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. ఐదు వారాలకు ఒకసారి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి, సోమవారం ఉదయం తిరిగి వెళ్ళాలి. వాడు మొదటిసారి వెళ్ళింది జూన్ ఏడున, తెల్లవారుజామున ఐదింటికి. మనవరాలికి అప్పటికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. నిద్రలో ఉంది.

“లేస్తే ఏడుస్తది. గిట్లనే పో,” అంది నా భార్య కొడుకుతో, చాలా నెమ్మదిగా. నేనూ తలూపాను. పిల్లలను వదిలి వెళ్ళేటప్పుడు మా ఇళ్లలో అందరం చేసేది అదే. ఆ రోజు డైరీలో ‘ఏడుపు లేకుండా జరిగిపోయింది’ అని రాసుకున్నాను.

నిజంగానే పిల్ల ఏడవలేదు. లేచి బాత్రూం తలుపు వెనక చూసింది, నీళ్ల డ్రమ్ము వెనక చూసింది, మంచం కిందకు వంగి చూసింది. “దుకాణంకు పోయిండు, వస్తడు,” అంది నా భార్య, దాని బాపమ్మ. సాయంత్రం దాకా పిల్ల గడపలో కూర్చుంది. మంచి పిల్ల, అల్లరి చేయలేదు అనుకున్నాం.

నాలుగో రోజు నుంచి మాస్కులు మాయమవడం మొదలైంది. కోడలు చీరల కట్‌పీసులతో ఇంటిల్లిపాదికీ మాస్కులు కుట్టి తలుపు పక్క మేకుకు తగిలించింది. కూరగాయలకు వెళ్దామని చూస్తే ఒక్కటీ ఉండదు. ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది, ఒకటి చుట్టిన పరుపు మధ్య, ఒకటి తడిసి బకెట్ అడుగున.

“ఏం బుద్ధే నీకు? కూసొని కూసొని కుట్టిన,” అని కోడలు ఒకటి వేసింది. పిల్ల దెబ్బ తిని కూడా, మిగిలిన మాస్కు ఎక్కడ పెట్టిందో చెప్పలేదు.

ఫోనులో జూనియర్ కేజీ క్లాసు జరుగుతుంటే తెరకు పక్కకు తిరిగి, తలుపు వైపు చూస్తూ కూర్చునేది. “బేటా, ఇధర్ దేఖో,” అని టీచరమ్మ రోజూ పదిసార్లు అనేది. పిల్లకు ధ్యాస లేదని కోడలికి మెసేజ్ పెట్టింది. అన్నిటికంటే కష్టం నిద్ర. పడుకోమంటే పడుకోదు. గోడకు ఆనుకుని కూర్చుని, తల వాలగానే ఉలిక్కిపడి కళ్లు తెరిచి, మా ముగ్గురినీ వరసగా చూసుకునేది. అంత చిన్న పిల్ల నిద్రను అలా ఆపుకోవడం నేనెన్నడూ చూడలేదు.

“మొండితనం. నీ కొడుకు గూడ గిట్లనే ఉండె,” అంది నా భార్య.

“నీ కొడుకు కాదా?”

“మంచిగున్నప్పుడు నా కొడుకే.”

బడిలో ఏ పిల్లయినా కొట్టినా, కొరికినా, బట్టల్లో పోసుకున్నా నేను ఒక కాగితానికి నిలువుగా గీత గీసేవాణ్ని. కుడి పక్కన పిల్ల ఏం చేసిందో, ఎడమ పక్కన అంతకు ముందు ఏం జరిగిందో రాసేవాణ్ని. ఎందుకు చేశావని అడిగితే ఆ వయసులో చెప్పలేరు. అదే గీత ఇప్పుడు డైరీలో గీశాను. రెండు వారాలు రాశాక ఎడమ పక్కను పైనుంచి కిందకు చదివాను. కోడలు చీర మార్చుకుంది. బాపమ్మ సంచి తీసింది. నేను మందులకు వెళ్తానన్నాను. ఎవరూ బయటకు కదలని రోజుల్లో మాస్కులు మేకుకే ఉన్నాయి.

మాస్కు పెట్టుకున్న మనిషి వెళ్ళిపోతాడు. నిద్రపోతే మనుషులు వెళ్ళిపోతారు. ఆ పిల్లకు తెలిసిన లోకం అంతే. మే నెలలో పక్క గదివాళ్లు ఊరికి రైలెక్కింది కూడా తెల్లవారుజామునే. మా మనవరాలు లేచేసరికి, రోజూ కలిసి ఆడుకునే పిల్ల ఇంటికి తాళం ఉంది.

ఆ పేజీ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నా బడిలో జూన్ నెలలు గుర్తొచ్చాయి. ఒకటో తరగతి గది నిండా ఏడుపు. మగ్గాల మీదికి వెళ్ళాల్సిన తల్లులు తలుపు దగ్గర కదలలేక నిలబడేవారు. నేను పిల్లకు రంగు సుద్దముక్క చూపించి, అటు తిరగగానే తల్లికి కళ్లతో సైగ చేసేవాణ్ని, వెళ్ళమ్మా అని. పిల్ల మళ్ళీ తిరిగేసరికి తలుపు ఖాళీ. అది నా నేర్పు అనుకున్నాను. కొత్తగా వచ్చిన టీచర్లకు కూడా నేర్పాను. తర్వాత నెలల తరబడి అదే పిల్ల నల్లబల్ల వదిలి తలుపు వైపు చూస్తుంటే, పాత డైరీల్లో ‘శ్రద్ధ తక్కువ’ అని రాసుకున్నాను. ఆ మాట ఎన్ని పేజీల్లో ఉందో వెతకడానికి కూర్చుని, మధ్యలోనే మానేశాను.

ఆ జూన్ నెలల్లో ఒక్కటి నాకు మళ్ళీ కావాలనిపిస్తుంది. ఆ పాత గది, కొత్త పలకల వాసన, ముక్కులు తుడుచుకునే ఆ పిల్లలు. ఒక్క తల్లినైనా తలుపు దగ్గర ఆపి, “బిడ్డకు చెప్పి పో తల్లీ, ఏడిస్తే ఏడవనీ, నేనున్నా,” అనాలి. ఆ పిల్లలంతా ఇప్పుడు తల్లిదండ్రులు. ఏ మగ్గం దగ్గరున్నారో, ఏ ఊరు చేరారో.

ఆ ఆదివారం పిల్ల తండ్రిని వదల్లేదు. వాడు స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడింది.

“డాడీ, ఉన్నవా?”

“ఉన్ననే.”

“క్యా కర్‌తా హై?”

“సబ్బు పెట్టుకుంటున్న. జర ఊపిరి తీసుకోనియ్యే.”

సాయంత్రం పిల్లను గడపలో ఆడుకోనిచ్చి మేం నలుగురం లోపల కూర్చున్నాం. మర్నాడు ఆరింటికి మిల్లు టెంపో వస్తుంది. ఐదింటికే లేచి సందు చివర నిలబడతానన్నాడు కొడుకు. లేపి, చెప్పి వెళ్ళమన్నాను నేను.

“నాతోని కాదు బాపు. అది ఏడిస్తే నా కాలు కదలది. టెంపో పోతే నౌక్రీ పోతది.”

“ఆయన గట్లనే అంటడు తియ్యి,” అంది నా భార్య. “బడి బందయింది గని సారుకు సారుతనం పోలే.”

నేను డైరీ తెచ్చి ఆ పేజీ చదివాను. ఎడమ పక్కంతా, తర్వాత కుడి పక్కంతా. ముందుగా నోరు విప్పింది కోడలు.

“చెప్పే పో,” అంది మొగుడితో. “నువ్వు పోయిన కాంచి అది సక్కగ పండలే. నేను కొట్టిన గూడ. ఇంకో ఐదు వారాలు గట్ల నేను సూడలేను.”

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, “ఏడిస్తే సారే ఎత్తుకోవాలె. నేను ముట్ట,” అంది.

“ఎత్తుకుంట,” అన్నాను.

అన్నాలయ్యాక వాడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

“రేపు పొద్దుగాల నేను మిల్లుకు పోత. నువ్వు పన్నప్పుడు పోను. నిన్ను లేపి, చెప్పి పోత.”

పిల్ల వాడి మొహంలోకి చూసింది. “పక్కా?”

“పక్కా.”

నమ్మలేదు. తండ్రి చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని, అలాగే నిద్రలోకి జారింది.

మర్నాడు ఐదున్నరకు వాడే లేపాడు. కళ్లు నులుముకుంటూ లేచి, సంచి చూసి, ఏడుపు అందుకుంది. ఐదు వారాలు దాచుకున్న ఏడుపంతా అది. వాడి కాలు పట్టుకుంది. వాడూ ఏడుస్తూనే వంగి, “పోతున్న బిడ్డ. మల్ల వస్త,” అని రెండుసార్లు చెప్పాడు. సందులో రెండు తలుపులు తెరుచుకున్నాయి. నేను ఎత్తుకుంటే నా భుజాన్ని పిడికిళ్లతో కొట్టింది. టెంపో మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ కొట్టింది.

“అయిందా? సల్లగైందా నీకు?” అని నా భార్య లోపలికి వెళ్ళిపోయింది. తప్పు చేశానేమో అనిపించింది.

చాలాసేపటికి వెక్కిళ్ల మధ్య పిల్ల అడిగింది, “డాడీ అభీ ఏడున్నడు?”

గడియారం చూశాను. ఆ దారిలో వరసగా వచ్చే ఊళ్లు నాకు తెలుసు. “పాండేసరా,” అన్నాను.

కాసేపాగి మళ్ళీ అడిగింది. “భేస్తాన్ దాటిండు.” తర్వాత, “సచిన్ల ఉన్నడు.” ప్రతి పేరూ పెదవులతో ఒకసారి అనుకునేది. నా చెయ్యి లాగుతున్నా దించలేదు. ఎండ గడప దాకా వచ్చింది.

“అబ్ తాతా?”

“పల్సానా. మిల్లు గేటు లోపలికి పోయిండు.”

“ఎప్పుడస్తడు?”

“ఐదు వారాలకు.”

“చానా?”

“చానా బిడ్డ.”

మళ్ళీ ఏడ్చింది, ఈసారి చిన్నగా, నా మెడ మీద మొహం పెట్టుకుని. నేను ఆపమనలేదు.