సగంలో ఆగిన సవర కథ

విజయనగరం స్టేషన్లో గుణుపూర్ పాసింజరు ఎక్కేసరికి ఉదయం ఏడు దాటి పది నిమిషాలైంది. పాతపట్నానికి టికెట్టు తీసుకున్నాను. చేతిసంచీలో ఒక పాత టేపురికార్డరు, కొత్త బ్యాటరీలు, గుడ్డలో చుట్టిన క్యాసెట్టు, మా ఆవిడ కట్టి ఇచ్చిన పులిహోర ఉన్నాయి. రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడాది మాట ఇది. మాఘమాసం చివరికొచ్చినా తెల్లవారుజామున చలి ఇంకా వదల్లేదు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. నేను తెలుగు మేష్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, అంటే అప్పటికి పదేళ్ల కిందట, కొండ ప్రాంతాల బడుల్లో చిన్న తరగతుల పాఠాలు పిల్లల ఇంటిభాషలోనే చెప్పాలని ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. సవర పిల్లలకు సవర భాషలో, తెలుగు లిపిలో అచ్చువేసిన వాచకాలు. వాటిని తయారుచేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. నాకు సవర ఒక్క ముక్క రాదు. తెలుగు మేష్టర్ని కదా అని అక్షరదోషాలు చూసే పని అప్పగించారు.

సవర తెలిసినవాళ్లు కావాలని కొండ గ్రామాల నుంచి కొందరిని పిలిపించారు. జమ్మయ్య అలా వచ్చినవాడే. ఇంటర్ దాకా చదివాడు, అప్పటికి పాతికేళ్లుంటాయి. కథలు తనకంటే బాగా చెబుతుందని తల్లి సుక్కమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చెబుతుంటే క్యాసెట్ల మీద పట్టాం. చివరి రోజున ఆవిడకు శాలువా కప్పి ఫొటో తీయించుకున్నాం.

పుస్తకాలు వచ్చాయి. జమ్మయ్యలాంటి వాళ్లను వాళ్ల ఊరి బడుల్లోనే వాలంటీర్లుగా పెట్టారు. కొన్నేళ్లు నడిచింది. తర్వాత ఒక ఏడాది వాళ్లను కొనసాగించమన్న ఉత్తర్వు రాలేదు. పుస్తకాలు మళ్లీ అచ్చు కాలేదు. సవర వద్దని ఎవరూ అనలేదు, ఆపమని ఎవరూ కాగితం రాయలేదు. రావలసిన కాగితం రాలేదు, అంతే.

నెల కిందట జమ్మయ్య ఫోను చేశాడు. "సారూ, మాయమ్మ పోయి రెండేళ్లయినాది. అప్పుడు మీరు టేపులో పట్టినారు కదా, ఆ టేపు ఏటయినాదో ఓపాలి సూస్తారా? మా ఇంట్లో ఆవిడి గొంతు ఎక్కడా లేదు" అన్నాడు.

అప్పటి పుస్తకాలన్నీ ఒక పాత భవనంలో స్టోరుగదిలో పడేశారని తెలిసి వెళ్లాను. చెదలు తిన్న వాచకాల కింద అట్టపెట్టెలో క్యాసెట్లు దొరికాయి. రెండింటికి రీలు బూజుపట్టి అంటుకుపోయింది. మూడోది బాగానే ఉంది. దాని మీద నా చేతిరాతతోనే 'సుక్కమ్మ – కథలు' అని ఉంది. టేపురికార్డరు మా వీధిలో రేడియోలు బాగుచేసే అతను బెల్టు మార్చి ఇచ్చాడు. పనిచేస్తోందా అని రెండు నిమిషాలు విని ఆపేశాను. మిగతాది నాకు అర్థం కాదు, విని ఏం చేస్తానని.

రైలు పొందూరు దాటాక ఎదుటి సీట్లో ఉన్న పెద్దాయన మాటలు కలిపాడు. ఆయన ఆమదాలవలసలో దిగాలి. కూతురు బ్యాంకు పరీక్ష రాసిందని చెబుతూ బ్యాంకుల మీదికి మళ్లాడు. "బ్యాంకుకెళ్తే ఫారం హిందీలో ఇచ్చీసినారండి. కౌంటర్లో కుర్రోడికి తెలుగు రాదు. మా ఊళ్లో, మా డబ్బులు మేం తీసుకోడానికి ఆడి భాష మేం నేర్సుకోవాలా? మన భాషకి విలవేటి ఉన్నాదండి?" అన్నాడు.

పక్కనున్నవాళ్లు తలలూపారు. నేనూ గట్టిగానే వంత పాడాను. దేశానికంతా ఒక భాష అనేవాళ్లకు మన ఇబ్బంది ఎలా తెలుస్తుందని ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన దిగిపోయాక సీటు కింద ఉన్న సంచీ కాలికి తగిలింది. ఆ మాటలన్నీ సవరవాళ్లు మనతో అనడానికి కూడా సరిపోతాయని అప్పుడు తోచింది. వాళ్లు అనలేదు. అన్నా మనకు అర్థమయ్యే భాషలోనే అనాలి.

నౌపడ దగ్గర ఉప్పుమడులు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. అక్కణ్నుంచి బండి పెద్ద లైను వదిలి టెక్కలి వైపు మళ్లింది. పదిన్నరకు పాతపట్నంలో దిగాను. స్టేషన్ బయట టీ కొట్టులో అల్లం టీ తాగి, పులిహోర సగం తిన్నాను. కొట్టాయన భార్యతో ఒడియాలో, నాతో తెలుగులో మాట్లాడాడు. పిల్లలకు ఒడియా వచ్చా అని అడిగితే, "మాటాడతారండి, సదవలేరు. మా ఊళ్లో ఒడియా మేష్టారు రిటైరైపోయినారు, ఆ కుర్సీలో ఇంకెవుల్నీ ఎయ్యలేదు" అన్నాడు. గ్లాసు కడుగుతూ మామూలుగా చెప్పాడు.

పదకొండుకు మెళియాపుట్టి వైపు వెళ్లే షేర్ ఆటో దొరికింది. నా పక్కన ఒక యువకుడు కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, అతను జమ్మయ్య ఊరి బడి మేష్టరేనని. సొంతూరు భావనపాడు, సముద్రం ఒడ్డు. నాలుగేళ్లుగా కొండ మీద పనిచేస్తున్నాడు. ఆ పొద్దున బడి పని మీద పాతపట్నం వచ్చి తిరిగి వెళ్తున్నాడు.

"మొదటి ఏడాది సాలా కష్టమయినాదండి. ఒక పాప రోజంతా ఏదో అంటన్నాది. మంచినీళ్లు అడుగుతోందనుకుని బాటిల్ ఇచ్చినాను. కడుపునొప్పని సాయంత్రం ఆళ్లమ్మొచ్చి సెప్పేదాకా నాకు తెలీదు" అన్నాడు.

"సవర నేర్చుకోలేదా?"

"కొంచెం వచ్చిందండి. పూర్తిగా వచ్చేసరికి నాకు బదిలీ వస్తాది. తరవాతొచ్చేవోడు మళ్లీ మొదట్నుంచి." అతను నవ్వలేదు. మంచి మేష్టరని అతని మాటతీరులోనే తెలుస్తోంది. తప్పు అతనిలో వెతకలేకపోయాను.

ఆటో దిగి రెండు కిలోమీటర్లు నడిచాం. దారి పొడుగునా జీడితోటలు పూతమీద ఉన్నాయి. ఎండ ముదిరింది. ఎత్తు ఎక్కేటప్పుడు మేష్టరు నా సంచీ అందుకున్నాడు. ఊరి మొదట్లో జమ్మయ్య నిలబడి ఉన్నాడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఉద్యోగం పోయాక జీడి, కంది, కొండచీపుళ్ల మీద బతుకుతున్నాడు. మేష్టరు బడి వైపు వెళ్లిపోయాడు. జమ్మయ్య నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చాడు. ప్రయాణం బడలికకు అది తాగితే ప్రాణం లేచివచ్చినట్టనిపించింది.

లోపల్నుంచి ఒక పాత వాచకం తెచ్చాడు. మేం చేసినదే. లోపలి పేజీల్లో చాలాచోట్ల అక్షరాల పైన నీలం పెన్నుతో చిన్న చిన్న కొక్కేలు గీసి ఉన్నాయి.

"ఇవేమిటి?"

"మా మాటల్లో ఊపిరి గొంతు కాడ ఆగిపోద్ది కదా సారూ. తెలుగులో దానికి అచ్చరం లేదని నాను ఈ గుర్తు ఎట్టినాను. అచ్చులో రాలేదు. పిల్లలు తప్పు సదువుతున్నారని నానే గీసుకున్నాను."

నాకు జ్ఞాపకం వచ్చింది. ప్రూఫుల్లో ఆ గుర్తులు కనబడితే, పొరపాటున పడ్డ గీతలనుకుని వరసగా కొట్టేసింది నేనే. పక్క బల్ల దగ్గర కూర్చున్న జమ్మయ్యను ఒక మాట అడగాలని కూడా తోచలేదు. ఆ సంగతి అతనికి చెప్పాను. "తెలుసు సారూ. మీ ఎర్ర పెన్ను సూసినాను" అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, "మీరు మేష్టారు కదా" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు టేపురికార్డరు అరుగు మీద పెట్టాం. జమ్మయ్య భార్య తలుపు దగ్గర నిలబడింది. కూతురు పార్వతి వచ్చి తండ్రిని ఆనుకుని కూర్చుంది. పదేళ్లుంటాయి. హాస్టల్లో ఉండి చదువుతోంది, జ్వరం వస్తే ఇంటికి తీసుకొచ్చారు. ఇంగ్లీషు మీడియమట.

మీట నొక్కాను. కాసేపు గరగర. తర్వాత సుక్కమ్మ గొంతు వచ్చింది. సన్నగా, తొందర లేకుండా, మధ్యలో దగ్గుతూ. జమ్మయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని తలవంచుకున్నాడు. తలుపు దగ్గర ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పార్వతి తండ్రి చెయ్యి కదిపింది. "నానమ్మ ఏటంటన్నాది?" అంది. తెలుగులోనే అడిగింది.

జమ్మయ్య టేపు ఆపి నా వైపు చూశాడు. "హాస్టల్లో ఉంటాది కదా సారూ. నీళ్లు తే, అన్నం తిను అంటే తెలుస్తాది. కత తెలీదు. నానే తెలుగులో మాటాడతాను, సదువు ఎనకబడకూడదని" అన్నాడు. బడిలో సవర చెప్పిన జమ్మయ్య తన కూతురికి సవర చెప్పలేదు. అందుకు నేను తప్పుపట్టలేను. ఏ ఆఫీసులోనూ ఆ భాషకు పని లేదని మేమే అతనికి చూపించాం.

అక్కడినుంచి అతను కొంచెం కొంచెం వినిపించి, ఆపి, కూతురికి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరు అక్కాతమ్ముళ్లు దుంపలు తవ్వడానికి కొండకెళ్లారు. తమ్ముడు ఒక గుహ దగ్గర జారి లోపలికి పడిపోయాడు. అక్క పైనుంచి పిలిచింది. లోపల్నుంచి తమ్ముడి గొంతు పలికింది, రమ్మంది. కానీ తమ్ముడు తనను పిలిచే పేరు పెట్టి పిలవలేదు. అది తమ్ముడేనా, మరొకటా? అక్క గుహ వాకిట్లో ఒక కాలు లోపల పెట్టి నిలబడింది.

అక్కడ టేపులో మరో గొంతు వచ్చింది. జమ్మయ్య అర్థం చెప్పనక్కర్లేదు, తెలుగే. "చాలమ్మా, ఇంక చాలు. భోజనాలకి పిలుస్తున్నారు. మిగతాది జమ్మయ్య చేత తెలుగులో రాయించుకుందాంలే." మర్యాదగానే ఉంది ఆ గొంతు. నాదే. సుక్కమ్మ ఇంకా రెండు మూడు మాటలు అంది. తర్వాత టక్కుమని ఆగింది. ఆపైన క్యాసెట్టు చివరిదాకా గరగరే.

రెండో వైపు కూడా తిప్పి చూశాం. ఖాళీ.

"తరవాతేటయినాది?" అంది పార్వతి. "అక్క ఎల్లిందా?"

జమ్మయ్య నాతో అన్నాడు, నెమ్మదిగా. "అది రాయలేదు సారూ. ఆ మధ్యానం నన్ను లెక్కల పుస్తకం కాడ కూకోబెట్టినారు. సాయంత్రం మాయమ్మని ఊరికి పంపీసినాం."

"నీకు తెలీదా?"

"సిన్నప్పుడు ఒకపాలి ఇన్నాను. నిద్దరొచ్చీసేది. అడుగుదాంలే, ఉన్నాది కదా అనుకున్నాను."

ఇంకెవరికైనా తెలుస్తుందేమో అని అడిగాను. తల్లి చెల్లెలు ఒకావిడ ఉందట, కొండకు అవతల, ఒడిశాలో. చెవులు వినపడవు. ఆవిడ మనవళ్లకు ఉత్తరం రాయొచ్చు కదా అంటే జమ్మయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆ పక్క మావోళ్లు ఒడియా అచ్చరాలు రాస్తారు. ఈ పక్క మేం తెలుగు రాస్తాం. మాటాడుకుంటే ఒకటే మాట. రాసుకుంటే ఒకల్ది ఒకలం సదవలేం" అన్నాడు. జీడి పని అయ్యాక ఒకసారి వెళ్లి వస్తానన్నాడు. వెళ్తే ఏం దొరుకుతుందో ఇద్దరికీ తెలియదు.

నేను క్షమించమన్నాను. అతనికి ఇబ్బందిగా అనిపించింది. "మీరొక్కలే తెచ్చినారు సారూ, అదే సాలు" అని టేపురికార్డరు అరుగు మీంచి తీసి లోపల పెట్టాడు. దాన్ని కూడా ఉంచుకోమన్నాను. నేను చెప్పులు వేసుకునేసరికి లోపల సుక్కమ్మ మళ్లీ మొదటినుంచి చెబుతోంది. ఈసారి ఎవరూ ఆపి అర్థం చెప్పడం లేదు. పార్వతి గోడకు ఆనుకుని వింటోంది.

నాలుగు గంటలకు పాతపట్నం చేరాను. టెక్కలి మీదుగా శ్రీకాకుళం వెళ్లే బస్సు సిద్ధంగా ఉంది. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: పొద్దున రైలు బాగుంటుంది, తిరుగుప్రయాణానికి బస్సే నయం. కొండ దారికి గట్టి చెప్పులు కావాలి. సవర తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది, నాకు అది లేకపోయింది.

కిటికీ పక్క సీటు దొరికింది. పొద్దున రైల్లో నేనిచ్చిన ఉపన్యాసం మీద సిగ్గనిపించింది. అందులో అబద్ధమేమీ లేదు. ఢిల్లీ తెలుగును చూసినట్టే నేను సవరను చూశానన్నది మాత్రం అందులో లేదు. భాషలను చంపాలని ఎవరూ కూర్చుని కుట్ర చెయ్యరు. నా అనుభవంలో అంతా గౌరవంగానే జరిగింది. పిలిపించాం, భోజనం పెట్టాం, శాలువా కప్పాం, ఫొటో తీశాం. ప్రభుత్వం తరఫున ఆ రోజు ఆ గదిలో ఉన్నది నేను. మీట మీద వేలు నాది.

శ్రీకాకుళంలో బస్సు మారాను. విజయనగరం కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కి ఇల్లు చేరేసరికి మా ఆవిడ అన్నం వడ్డించి, పనైందా అని అడిగింది. అయిందన్నాను. సుక్కమ్మ కథ ఆపిన ఆ రోజు పది నిమిషాలు ఆలస్యంగా భోంచేసినా నాకు ఏమీ అయ్యేది కాదు.