జంట సూది

ఆకివీడు దగ్గరి రొయ్యల షెడ్డులో సంపూర్ణమ్మ చేతి వేగానికి సాటి వచ్చేవాళ్లు లేరు. ఐసు నీళ్లలోంచి రొయ్యని తీసి ఒక్క నొక్కు నొక్కిందంటే తల ఊడి బుట్టలో పడేది. ఆ పనంతా నిలబడే చేయాలి. కూర్చుంటే సరుకు పాడవుతుందని ఎవరు కనిపెట్టారో గానీ, ఆ షెడ్డులో కూర్చునే మాట ఎత్తకూడదు. షెడ్డు కట్టించినవాళ్లకి మోకాళ్లు లేవు కాబోలు.

ఏళ్ల తరబడి నిలబడి సంపూర్ణమ్మ మోకాళ్లు వాచాయి. వేకువనే ఖాళీ కడుపుతో బయల్దేరి టీ మీద టీ తాగడంతో కడుపులో మంట కూడా పట్టుకుంది. ఈ రెండింటికీ దొరబాబు ఒక్కటే మందు పెట్టాడు. ఆయన ఏం చదివాడో ఊళ్లో ఎవరూ అడగలేదు. ఒకప్పుడు ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేశాడు, హస్తవాసి మంచిదని పేరుంది, అంతే. పని మొదలయ్యే ముందు మోటారు సైకిలు మీద షెడ్డు గేటు దగ్గరికి వచ్చేవాడు. నొప్పి మందూ గ్యాస్ మందూ ఒకే సిరంజిలోకి లాగి, వరసలో ఉన్నవాళ్లకి టకటకా పొడిచేవాడు. ఆడవాళ్లు దానికి జంట సూది అని పేరు పెట్టుకున్నారు. కాసేపట్లో మోకాలు మాట వినేది, కడుపు నోరు మూసుకునేది. ఎవరూ నాగా పెట్టరు కనక షెడ్డువాళ్లకీ హాయిగానే ఉండేది.

అందరికంటే గట్టిగా నమ్మింది సంపూర్ణమ్మే. బిళ్ల అరిగేసరికి పొద్దు వాలిపోతుందనీ, సూదైతే తిన్నగా రక్తంలోకి పోతుందనీ ఆమె వాదన. చర్చిలో సాక్ష్యం చెప్పినంత నమ్మకంగా చెప్పేది. ఆ షెడ్డులోనే పనిచేసే తోడికోడలు హెలెన్ సూదంటే హడలిపోతే, జబ్బ పట్టుకుని మరీ పొడిపించింది.

కొన్నాళ్లకి సంపూర్ణమ్మకి విరేచనం తారులా నల్లగా పడటం మొదలైంది. దొరబాబుతో చెబితే వేడి చేసిందని తేల్చేసి గ్యాస్ మందు పెంచాడు. నొప్పి లేదు గదా అని ఆమె కూడా సరిపెట్టుకుంది. నొప్పి ఎలా తెలుస్తుంది? దాని గొంతు రోజూ పొద్దున్నే నొక్కేస్తున్నారాయె. లోపల పుండు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఒకరోజు బల్ల దగ్గరే రక్తం కక్కుకుని పడిపోయింది. హెలెనే ఆటోలో వేసుకుని ఆకివీడు ఆసుపత్రికి పరిగెత్తింది, అక్కణ్ణించి ఏలూరు పెద్దాసుపత్రికి పంపారు.

అక్కడ రక్తం ఎక్కించారు, గొట్టం వేసి లోపల పుండు చూశారు. తర్వాత దేవకుమారి అనే నర్సు చిన్న సీసా తెచ్చి, ఏమేం మందులు వాడుతోందో, ఏ మందైనా పడదేమో, కాలేయం జబ్బుందేమో ఒక్కొక్కటే అడిగింది. ఇన్నేళ్లలో సంపూర్ణమ్మని ఎవరూ ఇవేవీ అడగలేదు. సీసాలో ఉన్నది గ్యాస్ మందేనని తెలిసి, సంపూర్ణమ్మ ఆ చేత్తోనే నొప్పి సూది కూడా కలిపి పొడిచెయ్యమంది పాపం. నర్సు చేతులు ఆగిపోయాయి. ఈ మందు ఇంకే మందుతోనూ కలపకూడదనీ, సెలైన్‌లో కలిపి నరంలోకి నిదానంగా ఎక్కించాలనీ చెప్పింది. రౌండ్లకి వచ్చిన డాక్టరు మిగతాది చెప్పాడు. కడుపుకి పుండు చేసింది నొప్పి సూది. ఆ మంట బయటపడకుండా దాచింది గ్యాస్ సూది. గ్యాస్ మందు మంచిదే, మింగలేని మనిషికి, రక్తం పోతున్న మనిషికి అది ప్రాణం పోస్తుంది. తిండి తినగలిగాక బిళ్లలు చాలు. నొప్పి సూది మాత్రం ఇక జన్మలో వద్దు.

ఇంటికొచ్చిన సంపూర్ణమ్మ నెమ్మదిగా షెడ్డు గేటు దాకా నడిచి, వరసలో ఉన్న ఒక్కొక్కరికీ ఈ మాటే చెప్పింది. తను దగ్గరుండి సూది పొడిపించిన చేతులవి. సంగతి దొరబాబు చెవిన పడింది. చేసిన మేలు మరిచినవాళ్ల గుమ్మం తొక్కనని గేటు దగ్గరికి రావడం మానేశాడు. అంతే, వారం తిరక్కుండా బల్లల దగ్గర ఆడవాళ్లు నిలబడలేక గోడ పట్టుకున్నారు. చేతకానివాళ్లు మానేయండని సూపర్‌వైజరు కేకలేశాడు.

ఆ సాయంత్రం హెలెన్ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. రేపు దొరబాబు గారింటికెళ్లి బతిమాలి రమ్మంది.

"చచ్చినా వెళ్లనే. అది మందు కాదు."

"నువ్వు బతికావక్కా, దేవుడికి స్తోత్రం. మమ్మల్ని కూడా బతకనీ."

సంపూర్ణమ్మ ఆమె మొహం పరకాయించి చూసింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"హెలెన్, నీకు విరేచనం ఏ రంగులో పడతంది?"

హెలెన్ కొంగు నడుముకి బిగించింది.

"నల్లగానే. అయితే ఏంటి? నా బదులు నువ్వొచ్చి నిలబడతావా?"

రేపే ఏలూరు పోదాం, నేను తోడొస్తానని సంపూర్ణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. హెలెన్ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, సీజను అయ్యాక చూద్దాంలే అక్కా అనేసి వెళ్లిపోయింది.

సీజను అప్పుడే మొదలైంది.