గోంగూర ఒలిచే చేతులు

మొన్న ఆదివారం కెనడాలో, స్కార్‌బరోలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, మనవరాలు కాలేజీ సినిమా క్లాసు కోసం తీసిన ఐదు నిమిషాల వీడియో చూస్తుంటే నాకు ఎక్కడో తేడా కొట్టింది. తెర మీద మా ఆవిడ పెళ్లి కబుర్లు చెబుతూ "మీ తాతయ్య అప్పుడు..." అని నా ప్రస్తావన తెచ్చింది, అంతలో ముఖం పోయి గోంగూర ఒలుస్తున్న ఆవిడ చేతులు వచ్చాయి, మళ్లీ ముఖం వచ్చేసరికి భుజం మీది శాలువా ఒళ్లోకి చేరింది, మాట వంటల మీదకు మళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

మద్రాసులో ఎడిటింగ్ గదిలో అసిస్టెంటుగా చేరిన తొలివారంలోనే మా ఎడిటరుగారు నాకు ఓనమాలు నేర్పారు. లాంగ్ షాట్ చోటు చెబుతుంది, మిడ్ షాట్ మనిషిని చెబుతుంది, క్లోజప్ మనసు చెబుతుంది. మనిషి పక్కకు చూస్తే ఏం చూసిందో వెంటనే చూపించాలి. మాట మధ్యలో చేతులో గోడగడియారమో కనబడితే అక్కడ కత్తెర పడిందని పసిగట్టాలి. ఆయన పుణ్యమా అని, అప్పటినుంచి ఏ సినిమానూ హాయిగా చూసిన పాపాన పోలేదు.

నా గురించి ఏం చెప్పి ఉంటుంది, ఎందుకు దాచారు? మంగళవారం దాకా కాఫీలో చక్కెర తగ్గినా అందులో ఏదో ఉందనే అనిపించింది. ఎందుకంటే ఇలాంటి కత్తెర ఒకటి నేనూ వేసి ఉన్నాను.

మా పెళ్లికి స్టూడియో మిత్రుడొకడు మిగిలిపోయిన ఫిల్ము ముక్కలతో మూగ సినిమా తీసిపెట్టాడు. మామగారు జబ్బుమనిషి, పందిట్లో వెనక కుర్చీకే పరిమితమై ఉంటే కన్యాదానం చినమామగారు చేశారు. ఆ ఫిల్మును నేనే ఎడిట్ చేస్తుండగా తలంబ్రాల దగ్గర ఒక క్లోజప్ కనిపించింది: పెళ్లికూతురు నన్ను కాక దూరంగా ఎటో చూసి కళ్లు తుడుచుకుంది. తరవాతి ముక్క ఆమె చూసిన వైపు తీసిన లాంగ్ షాట్. మూవియోలా యంత్రపు చిన్న అద్దంలో ముందు వరసలో నవ్వుతున్న కుర్రాళ్లే కనబడ్డారు. వాళ్లలో ఎవరి కోసం కళ్లు తుడుచుకుందో అడిగే ధైర్యం లేక, రెండు ముక్కలూ కోసి చెత్తబుట్టలో వేసి, ఆ చోట అక్షింతల పళ్లెం పట్టుకున్న చేతులు అతికించాను. తరవాత ఎన్నేళ్లు కాపురం చేసినా ఆ అనుమానం మాత్రం మూలన పడి ఉండనే ఉంది.

చివరికి మనవరాలిని నిలదీశాను. "తాతయ్యా, ఇట్స్ నథింగ్, జస్ట్ హ్యాండ్స్" అంది. శాలువా సంగతి ఎత్తేసరికి, మీరు బాధపడతారనే తీసేశానని ఒప్పుకుని, కోయని వీడియో పెట్టింది. అందులో మా ఆవిడ గోంగూర ఒలుస్తూనే నిమ్మళంగా చెబుతోంది: "మీ తాతయ్య అప్పుడు మా పెళ్లి ఫిల్ములో ఓ ముక్క తీసేశారే. తలంబ్రాలప్పుడు మా నాన్న గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడే. లేవలేడనే అనుకున్నామందరం. కెమెరా అటు తిరగడం నా కళ్లతో చూశాను. ఆ తరవాత మూడు నెలలకే పోయాడు. ఫిల్ములో ఉంటాడులే అనుకున్నా. ఎందుకు తీసేశారో మరి, నేనెప్పుడూ అడగలేదు."

సిగ్గుతో తల పైకెత్తలేకపోయాను. మనవరాలు మౌసు రెండుసార్లు నొక్కి వాళ్ల అమ్మమ్మ మాటను తిరిగి దాని చోట పెట్టేసింది. ఈ రోజుల్లో కోసినదేదీ పోదట, కంప్యూటర్లో పదిలంగా ఉంటుందట. మా కాలంలో చెత్తబుట్టలో పడిన ముక్క పడినట్టే, మర్నాటికి బుట్ట ఖాళీ.

వంటింట్లోకి వెళ్లి ఆవిడకు ఉన్నదంతా చెప్పేశాను, ఆ కుర్రాళ్ల సంగతితో సహా. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండేది కూడా. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "అయితే మీరు చూశారన్నమాట. నిలబడినప్పుడు మా నాన్న ఎలా ఉన్నాడండీ?" అని అడిగింది.

ఆ ముక్కను చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత గుర్తుచేసుకున్నా నాకు ఆ కుర్రాళ్లే కనిపిస్తున్నారు.